పాఠం 9: మేము తిరిగాం, మనం వెళ్దాం

నాలుగు రోజుల సెలవుకు వెళ్ళొచ్చి దాని గురించి చెప్పడం తేలిక. "గ్రాండ్ కేన్యన్ చూశాం, చాలా బాగుంది" అంటే సరిపోతుంది. నెలల తరబడి తిరిగొచ్చినవాళ్ళు ఏం చెప్పాలి? అందులోనూ ఇద్దరు కలిసి తిరిగితే, ఎవరి మాటల్లో చెప్పాలి?

ఈ పాఠంలో మీరు మూడు విషయాలు నేర్చుకుంటారు:

1. ఒకసారి చేసిన పనినీ, రోజూ చేస్తూ వచ్చిన పనినీ వేర్వేరుగా చెప్పడం (వెళ్ళాం / వెళ్ళేవాళ్ళం)
2. "మేము", "మనం" అనే మాటల మధ్య తేడా
3. మీ ఇంట్లో పెద్దవాళ్ళను వాళ్ళ ప్రయాణం గురించి అడగడం

చదివే ముందు

మీ ఇంట్లో ఎక్కువ రోజులు ప్రయాణం చేసినవాళ్ళు ఎవరు? ఎవరితో వెళ్ళారు? ఎందుకు వెళ్ళారు? రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. తెలుగు మాట గుర్తుకు రాకపోతే ఇంగ్లీషు మాట వాడండి, ఆగిపోకండి.

కొత్త మాటలు

మజిలీ: ప్రయాణంలో ఆగే చోటు
బస: ప్రయాణంలో ఉండే ఇల్లు, గది, హోటల్
బడలిక: ప్రయాణం వల్ల వచ్చే అలసట
తిరుగు ప్రయాణం: ఇంటికి వెనక్కి రావడం
వాయిదా వేయడం: తర్వాత చేద్దామని ఆపడం
తేల్చుకోవడం: ఆలోచించి ఒక నిర్ణయానికి రావడం

చదవండి

(టెక్సస్‌లో ఉండే ఒక జంట చెబుతున్నట్టుగా ఈ పాఠం కోసం రాసిన కథ ఇది. చెప్పేది భార్య.)

మేమిద్దరం డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాం. ఉద్యోగాలకు ఆరు నెలలు సెలవు పెట్టాం. అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామానంతా ఒక స్టోరేజ్ గదిలో సర్దేసి బయల్దేరాం. మనిషికి ఒక్క సంచి. జపాన్‌లో మొదలుపెట్టి వియత్నాం, థాయిలాండ్, మలేసియా, శ్రీలంక మీదుగా ఇండియా చేరాం.

మొదటి రెండు వారాలూ సెలవులాగే గడిచాయి. చూడాల్సినవన్నీ చూశాం, ఫొటోలు తీసుకున్నాం. తర్వాత బడలిక మొదలైంది. ఇకనుంచి తక్కువ ఊళ్ళు, ఎక్కువ రోజులు అనుకున్నాం.

హనోయ్‌లో ఒకే గదిలో మూడు వారాలు ఉన్నాం. పొద్దున్నే లేచేవాళ్ళం. నేను హోన్ కియెం సరస్సు చుట్టూ నడిచేదాన్ని. తను కాఫీ కొట్టు ముందు చిన్న ప్లాస్టిక్ పీట మీద కూర్చుని, వచ్చేపోయే స్కూటర్లను చూసేవాడు. మధ్యాహ్నం కలిసి తినేవాళ్ళం.

రోజంతా పక్కపక్కనే ఉండటం మాకు కొత్త. ప్లేనోలో పొద్దున ఎనిమిదింటికి విడిపోతే మళ్ళీ రాత్రి ఏడింటికే కలుసుకునేవాళ్ళం. ఇక్కడ ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ తినాలో, ఎంత ఖర్చు పెట్టాలో అన్నీ ఇద్దరం కలిసే తేల్చుకోవాలి. పోట్లాడుకునేవాళ్ళం కూడా. హుయేలో ఒకరోజు వానలో బస దొరక్క, ఒకరితో ఒకరం మాట్లాడకుండా చాలాసేపు నడిచాం. చివరికి "ఆకలేస్తోందా?" అని తనే అడిగాడు.

కౌలాలంపూర్ దగ్గర బటూ గుహల 272 మెట్లూ ఎక్కి దిగాక, ఒక చోట కూర్చుని తెలుగులో మాట్లాడుకుంటున్నాం. పక్కనున్న పెద్దావిడ "మీరు మనవాళ్ళేనా?" అని అడిగారు. ఆవిడ తాతగారు విశాఖపట్నం వైపు నుంచి తోట పనికి వచ్చారట. ఆవిడ మాత్రం ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు.

చివరి మజిలీ రాజమండ్రి. అమ్మమ్మ దగ్గర నాలుగు రోజులుండి అమెరికా వెళ్ళేలా ముందే టికెట్లు కొన్నాం. అమ్మమ్మ మా ఫొటోలన్నీ ఓపిగ్గా చూసింది.

"హనోయ్‌లో ఎన్నాళ్ళున్నారే?" అంది.

"మూడు వారాలు, అమ్మమ్మా."

"మరి నా దగ్గర?"

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాం. తిరుగు ప్రయాణం మూడు వారాలు వాయిదా వేశాం. టికెట్లు మార్చడానికి డబ్బు బాగానే అయింది.

ఇప్పుడు ప్లేనోలో ఎవరైనా "ఏ ఊరు బాగుంది?" అని అడిగితే మేం రెండు జవాబులు చెప్తాం. తను హనోయ్ అంటాడు. నేను రాజమండ్రి అంటాను.

గమనించండి 1: వెళ్ళాం, వెళ్ళేవాళ్ళం

ఒకసారి జరిగి అయిపోయిన పనికి "బయల్దేరాం, చూశాం, నడిచాం" అంటాం. కొన్నాళ్ళపాటు మళ్ళీ మళ్ళీ చేసిన పనికి "లేచేవాళ్ళం, తినేవాళ్ళం, పోట్లాడుకునేవాళ్ళం" అంటాం. హనోయ్ గురించిన పేరా మళ్ళీ చదవండి. అక్కడ పెద్ద సంఘటన ఏదీ లేదు, అయినా మూడు వారాలు ఎలా గడిచాయో తెలుస్తోంది. ఎక్కువ రోజుల ప్రయాణం గురించి చెప్పాలంటే ఈ రెండో రకం క్రియలు తప్పకుండా కావాలి.

ఇంకొకటి చూడండి. ఆడమనిషి "నేను నడిచేదాన్ని" అంటుంది. మగమనిషి "నేను నడిచేవాణ్ణి" అంటాడు. ఇద్దరూ కలిస్తే "నడిచేవాళ్ళం". ఆ మాటలో ఆడ, మగ తేడా ఉండదు.

భర్తను "తను" అనడం కూడా గమనించారా? ఇప్పటి జంటల్లో చాలామంది భార్యను గానీ భర్తను గానీ ఇలాగే అంటారు. పెద్దవాళ్ళు "మా ఆయన", "మా ఆవిడ" అంటారు.

గమనించండి 2: మేము, మనం

ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట ఉంది. తెలుగులో, చెప్పేటప్పుడు వినేవాళ్ళను కలుపుకోవాలో వద్దో ముందే తేల్చుకోవాలి.

మేము, మా, మాకు, మమ్మల్ని, మాతో: వినేవాళ్ళు ఇందులో లేరు.
మనం, మన, మనకు, మనల్ని, మనతో: వినేవాళ్ళు కూడా ఇందులో ఉన్నారు.

క్రియ చివర మాత్రం తేడా లేదు: మేము వెళ్ళాం, మనం వెళ్ళాం. అందుకే మొదటి మాట మీద శ్రద్ధ పెట్టాలి. "వెళ్దాం, చూద్దాం, తిందాం" లాంటి మాటలు ఎప్పుడూ "మనం"తోనే వస్తాయి, ఎందుకంటే అవి ఎదుటివాళ్ళను కూడా రమ్మని పిలిచే మాటలు.

కథలో పెద్దావిడ "మీరు మనవాళ్ళేనా?" అన్నారు. ముక్కూ ముఖం తెలియని ఇద్దరిని ఒక్క "మన"తో తనలో కలుపుకున్నారు. బ్రిటిష్ పాలన రోజుల్లో ఎందరో తెలుగువాళ్ళు మలయా తోటల్లో పనికి వెళ్ళారు. వాళ్ళ సంతతి ఇప్పటికీ మలేసియాలో ఉంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కౌలాలంపూర్‌లోనే.

సంభాషణ

ఇద్దరు కలిసి గట్టిగా చదవండి.

అమ్మమ్మ: ఇన్ని ఊళ్ళు తిరిగారు కదా, కాశీ చూశారా?
మనవరాలు: లేదమ్మమ్మా, మేము వెళ్ళలేదు.
అమ్మమ్మ: నేనూ చూడలేదే. తాతయ్య ఉన్నప్పుడు వెళ్దాం వెళ్దాం అనుకునేవాళ్ళం. కుదర్లేదు.
మనవరాలు: అయితే మనం వెళ్దామా?
అమ్మమ్మ: మనమంటే ఎవరెవరం?
మనవరాలు: నువ్వు, నేను, తను. ముగ్గురం.
అమ్మమ్మ: ముందు అతన్ని అడుగు.
మనవరాలు: నిన్ను అడగమని చెప్పింది తనే.

"వెళ్దాం వెళ్దాం అనుకునేవాళ్ళం" అన్న వాక్యాన్ని ఇంకోసారి చూడండి. "వెళ్దాం" అన్నది తాతయ్య, అమ్మమ్మ ఒకరితో ఒకరు అనుకున్న మాట. అక్కడ ఇద్దరూ కలిసి "మనం". "అనుకునేవాళ్ళం" అన్నది అమ్మమ్మ ఇప్పుడు మనవరాలితో చెబుతున్న మాట. ఇక్కడ అది "మేము". ఆ "మేము"లో ఇప్పుడు మిగిలింది అమ్మమ్మ ఒక్కతే. మనవరాలు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "మనం" అంది, అంతే.

తెలుసుకోండి: కాశీ ప్రయాణం

తెలుగులో పేరున్న తొలి యాత్రా గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య రాసిన "కాశీయాత్ర చరిత్ర". ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. దుబాసీ అంటే రెండు భాషల మధ్య మాటలు మార్చి చెప్పేవాడు. మీ ఇంట్లో తాతయ్య మాటలను మీ స్నేహితులకు ఇంగ్లీషులో చెబుతుంటే, మీరు చేసేదీ ఆ పనే.

వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. పదిహేను నెలలు దాటింది. అప్పటికి మన దేశంలో రైళ్ళు లేవు. పరివారంతో కలిపి సుమారు నూరు మంది. కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ వెళ్ళి, కలకత్తా, పూరీ మీదుగా తిరిగొచ్చారు. దారిలో ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయో, ఎక్కడ అంగళ్ళున్నాయో, బాట ఎలా ఉందో రాస్తూ, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి ఉత్తరాలు పంపారు. అవే 1838లో పుస్తకంగా వచ్చాయి. వినేవాడు ఒకడు ఇంటి దగ్గర ఉన్నాడు కాబట్టే ఈ ప్రయాణం మనదాకా వచ్చింది.

కొన్ని తెలుగు పెళ్ళిళ్ళలో కాశీయాత్ర అనే సరదా తంతు కూడా ఉంది. పెళ్ళికొడుకు గొడుగు, కర్ర పట్టుకుని "నేను కాశీకి పోతున్నా" అని బయల్దేరతాడు. పెళ్ళికూతురి అన్నో తమ్ముడో అడ్డుపడి, బతిమాలి, పెళ్ళికి తీసుకొస్తాడు. అమెరికాలో జరిగే పెళ్ళిళ్ళలోనూ ఇది చూస్తాం. మీరు చూశారా?

అభ్యాసం

క) మేము, మనం, మా, మన: ఖాళీల్లో సరైన మాట రాయండి.

1. (మీతో రాని స్నేహితుడితో) పోయిన వేసవిలో ______ యెల్లోస్టోన్ వెళ్ళాం.
2. (అమ్మతో) ఆదివారం ______ గుడికి వెళ్దామా?
3. (టీచర్‌తో) ______ అమ్మమ్మ రాజమండ్రిలో ఉంటుంది.
4. (తోటి తెలుగు విద్యార్థితో) ______ భాషలో ఈ తేడా ఉంది.

ఖ) "రోజూ" చేర్చి మార్చి రాయండి. ఉదాహరణ: మేము సరస్సు దాకా నడిచాం. → మేము రోజూ సరస్సు దాకా నడిచేవాళ్ళం.

1. మేము కాఫీ తాగాం.
2. నేను అమ్మమ్మకు ఫోన్ చేశాను.

గ) మాట్లాడండి: అమ్మమ్మ "మరి నా దగ్గర?" అని ఎందుకు అడిగింది? మీరైతే ఏం చేసేవాళ్ళు?

ఇంటి పని

ఈ వారం ఒక పెద్దవాళ్ళకు ఫోన్ చేయండి. వాళ్ళు ఎవరితోనైనా కలిసి చేసిన ఒక పెద్ద ప్రయాణం గురించి అడగండి. వాళ్ళ అనుమతితో రికార్డు చేసుకోండి. ఈ ప్రశ్నలు ఉపయోగపడతాయి:

ఎవరెవరు వెళ్ళారండీ? రోజూ ఏం చేసేవాళ్ళు? దారిలో దేని గురించైనా పోట్లాడుకునేవాళ్ళా? వెళ్దామనుకుని వెళ్ళలేకపోయిన ఊరు ఏదైనా ఉందా?

చివరి ప్రశ్నకు వాళ్ళు ఊరి పేరు చెప్తే, మీ జవాబు "మనం"తో మొదలుపెట్టండి.

జవాబులు

క) 1. మేము 2. మనం 3. మా 4. మన
ఖ) 1. మేము రోజూ కాఫీ తాగేవాళ్ళం. 2. నేను రోజూ అమ్మమ్మకు ఫోన్ చేసేదాన్ని / చేసేవాణ్ణి.