మెండోటా సరస్సు మసకబారిన కథ

నేను ఎంపీసీ బ్యాచ్. బయాలజీ పీడ టెన్త్‌తోనే వదిలిందనుకున్నా. తీరా ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ సెమినార్‌కి చీటీ తీస్తే 'మంచినీటి జంతుప్లవకాల వలస' వచ్చింది! ఏడుస్తూనే మొదలుపెట్టా. తర్వాత వదల్లేకపోయా.

జంతుప్లవకాలంటే నీళ్లలో తేలుతూ బతికే, కంటికి కనిపించీ కనిపించని జీవులు. వాటిలో డాఫ్నియా అనే నీటి ఈగ నాచుకణాలను వడకట్టి తింటుంది. ఓ రకంగా సరస్సుకి జీతం అడగని ఫిల్టర్.

ఆ ఫిల్టర్‌ని తినేది ఇంకో జంతుప్లవకం, స్పైనీ వాటర్ ఫ్లీ. పొడవు సుమారు 1 సెంటీమీటరు, అందులో సగానికి పైగా తోక ముల్లే. ఆ ముల్లు వల్ల చిన్న చేపలు మింగలేవు. పైగా మగదాని అవసరం లేకుండానే ఆడది పిల్లల్ని కనగలదు. అంటే ఒక్కటి చేరినా చాలు. దీని పుట్టిల్లు యూరప్, ఆసియా. సరుకు లేని ఓడలు ఒరిగిపోకుండా అడుగున నీళ్లు నింపుకుని, రేవు చేరాక వదిలేస్తాయి కదా, ఆ నీళ్లలోనే 1980లలో ఉత్తర అమెరికా గ్రేట్ లేక్స్‌కి చేరింది. అక్కణ్ణుంచి పడవలు, గాలపు తాళ్లు పట్టుకుని చిన్న సరస్సులకి పాకింది.

అలాంటిదే విస్కాన్సిన్‌లోని మెండోటా. ఒడ్డునే యూనివర్సిటీ, వందేళ్లకు పైగా పరిశోధనలు. 2009లో మనలాంటి డిగ్రీ స్టూడెంట్స్ క్లాసులో భాగంగా వల వేస్తే, ఈ ముళ్ల పురుగులు గుంపులుగా పడ్డాయి. డాఫ్నియా బాగా తగ్గిపోయింది. నీటిలోకి చూపు ఆనే లోతు దాదాపు 1 మీటరు పడిపోయింది. దాన్ని తిరిగి తేవాలంటే పొలాల నుంచి కొట్టుకొచ్చే ఫాస్ఫరస్‌ని 71 శాతం తగ్గించాలట. ఖర్చు 8.65 నుంచి 16.3 కోట్ల డాలర్లని 2016లో లెక్కగట్టారు. నేను రెండుసార్లు సరిచూసుకున్నా, సున్నాలు కరెక్టే.

అసలు షాక్ ఇంకోటి. అడుగు బురదను పొరలుగా తీసి చూస్తే, అంతకు కనీసం పదేళ్ల ముందు నుంచే ఈ ముళ్లున్నాయి! తక్కువ సంఖ్యలో ఉండటంతో ఎవరికీ దొరకలేదు. 2009 వేసవి మామూలు కంటే చల్లగా ఉండేసరికి ఒక్కసారిగా పెరిగాయి. రెండేళ్లు సైలెంట్‌గా ఉండి, సరిగ్గా డెమో రోజు బయటపడే బగ్ గుర్తొచ్చింది నాకు.

సెమినార్‌లో మా బెంచ్ వాడు అడిగాడు, "మందు కొట్టి చంపేయొచ్చుగా?" అంత పెద్ద సరస్సులో దీన్నొక్కదాన్నే చంపే మార్గం లేదురా, పడవ ఇంకో సరస్సులో దించేముందు నీళ్లు వంచేసి, కడిగి, ఆరబెట్టడమే ఇప్పటికి చేస్తున్నదని చెప్పా. "అంతేనా?" అన్నాడు. అంతే.