సైకిల్లో బాటిల్‌నెక్ ఎక్కడుంది?

ఈ సంచికకి "చదివాక ఏదో ఒకటి నేర్చుకున్నాం అనిపించే వ్యాసం" రాయమని క్లబ్‌లో సీనియర్ అక్క అడిగింది. డేటా స్ట్రక్చర్స్ మీద రాస్తానన్నాను. "క్లాసులో పడే బాధ చాలు, ఇక్కడ కూడానా?" అంది. అందుకని డబ్బులు పోగొట్టుకుని, మోచేతి మీద చర్మం కూడా పోగొట్టుకుని నేర్చుకున్న విషయం రాస్తున్నాను. మామూలు ధర అల్యూమినియం రోడ్ సైకిల్‌లో ఏది మార్చాలి, ఏది ముందు మార్చాలి అన్నదే విషయం. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. నా తెలుగులో పుస్తకం భాష, హాస్టల్ భాష కలిసిపోతుంటాయి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు మా శ్రీకాకుళం వైపు వారే కాబట్టి కొంచెం ధైర్యంగా రాస్తున్నాను.

ఇంటర్ అయ్యాక నాన్న ఈ సైకిల్ కొనిచ్చారు. దీన్ని ఎండ్యూరెన్స్ రోడ్ బైక్ అంటారు. రేసు సైకిల్ లాగే హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది. కానీ ముందు భాగం కాస్త ఎత్తు, చక్రాల మధ్య దూరం కాస్త ఎక్కువ. నడుం మరీ వంచక్కర్లేదు, గంటల తరబడి తొక్కొచ్చు. బరువు 11 కిలోలు. ముందు 50, 34 పళ్ళ చక్రాలు రెండు, వెనక 11 నుంచి 28 పళ్ళ వరకు ఎనిమిది. 25 మిల్లీమీటర్ల టైర్లు, రిమ్‌ని రెండు వైపులా పట్టుకునే బ్రేకులు.

పోయిన ఏడాది పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే చుట్టాలాయనకి వెబ్‌సైట్ చేసిపెడితే 14,000 ఇచ్చారు. నా మొదటి సంపాదన. వారం తిరక్కుండానే అందులో 9,500 పెట్టి కార్బన్ హ్యాండిల్ బార్, సీటు కింది కార్బన్ గొట్టం ఆర్డర్ పెట్టేశాను. వీడియోల్లో అందరూ "బరువు తగ్గించు" అనేవాళ్ళు మరి. పాతవీ కొత్తవీ మెస్‌లో కూరగాయలు తూచే కాటా మీద పెట్టి చూశాను. తేడా 230 గ్రాములు. మెస్ అన్న "రెండు వంకాయలు" అన్నాడు. నేను నవ్వలేదు.

ఆ సెప్టెంబర్లో ఒక ఆదివారం శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కాను. ఎక్కడం బాగానే ఎక్కాను, అంటే మధ్యలో నాలుగు సార్లు ఆగి. పైన టీ తాగి బయల్దేరేసరికి వాన. దిగుతుంటే ఒక మలుపు ముందు రెండు బ్రేకులూ పట్టాను. పట్టలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేంత సేపు ఏమీ జరగలేదు. అప్పుడు పట్టాయి, కానీ అప్పటికే నేను రోడ్డుకి అవతలి సగంలో ఉన్నాను, కింది నుంచి బస్సు వస్తోంది. లోయ వైపు పోకుండా కొండ వైపు కాలువలోకి సైకిల్‌ని పడేశాను. డ్రైవర్ బస్సు ఆపి దిగి, ముందు తిట్టి, తర్వాత నీళ్ళిచ్చాడు. ఈ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. (ఈ మ్యాగజైన్ లింక్ దయచేసి మా అమ్మకి పంపకండి.)

మర్నాడు విజయనగరంలో గంటస్తంభం దాటాక ఒక సందులో ఉండే సైకిల్ షాపు తాత దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కొత్త హ్యాండిల్‌ని తడిమి చూసి, బ్రేకు రబ్బరు ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. గాజులా మెరుస్తోంది, గట్టిపడిపోయింది, మధ్యలో రిమ్ నుంచి ఊడిన అల్యూమినియం ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి. బ్రేకు వైరు లాగితే గొట్టంలోంచి ఎర్రటి తుప్పు రాలింది. "ఏటి బాబూ, పట్టుకునేది మార్సీసినావు, ఆపేది మార్సలేదా?" అన్నాడు.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని, అసలు మొదట చేయాల్సిన పని అప్పుడు చేశాను. కోడ్ స్లోగా ఉంటే ఏం చేస్తాం? ఏ ఫంక్షన్ ఎంత టైమ్ తింటోందో ముందు కొలుస్తాం. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం మనకి కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో ఉంది కదా: మొత్తం సమయంలో 5 శాతం తీసుకునే భాగాన్ని ఎంత ఫాస్ట్ చేసినా మనకి మిగిలేది ఆ 5 శాతమే. సైకిల్‌కీ అంతే.

ఘాట్‌లో 900 మీటర్ల ఎత్తు ఎక్కుతామనుకుందాం. నేను, సైకిల్, నీళ్ళ సీసాలు కలిపి 75 కిలోలు. 75ని 9.8తో, 900తో గుణిస్తే సుమారు 6,60,000 జౌళ్ళు. నేను నిలకడగా 150 వాట్లు తొక్కగలననుకుంటే ఒక్క గురుత్వాకర్షణకే 73 నిమిషాలు. ఇందులో నా 230 గ్రాముల వాటా ఎంతో అదే సూత్రంలో వేయండి. 14 సెకన్లు కూడా రాదు. 9,500 రూపాయలకి 14 సెకన్లు. పైన టీ చల్లారడానికి నేను అంతకంటే ఎక్కువ సేపు ఆగాను.

ఇప్పుడు అదే 6,60,000 జౌళ్ళని దిగేటప్పుడు చూడండి. ఎక్కేటప్పుడు కాళ్ళు పెట్టిన శక్తి దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. కొంత గాలి తీసుకుంటుంది, కొంత టైర్లు తీసుకుంటాయి, మలుపుల రోడ్డులో మిగిలినదంతా బ్రేకు రబ్బర్ల దగ్గర వేడిగా మారాలి. మొత్తం వేడైతే మామూలు నీళ్ళు రెండు లీటర్లకి పైగా మరిగించొచ్చు. ఆ పని చేసేది నాలుగు రబ్బరు ముక్కలు. నేను వాటి మీద పెట్టిన ఖర్చు అప్పటికి సున్నా.

వానలో ఇంకో చిక్కుంది. రిమ్ మీద నీటి పొర ఉంటుంది. చక్రం కొంత తిరిగి రబ్బరు ఆ పొరని తుడిచాకే అసలు రాపిడి మొదలవుతుంది. నేను లెక్కపెట్టిన మూడు సెకన్లలో కొంత భాగం అదే. మంచి మెత్తటి రబ్బర్లతో ఆ ఆలస్యం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అందుకే వానలో మలుపుకి చాలా ముందు నుంచే బ్రేకుని తేలిగ్గా తాకిస్తూ రిమ్‌ని ఆరబెట్టుకోవాలి. ఇది ఏ షాపులోనూ అమ్మరు.

కాబట్టి మొదటి ఖర్చు: బ్రేకు రబ్బర్లు, లోపలి వైర్లు, బయటి గొట్టాలు, అన్నీ కలిపి 1,150. పాత రబ్బరు పర్లేదనిపిస్తే గుండుసూదితో అందులోని లోహపు ముక్కలు తీసి, ఉప్పు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దండి. కొన్ని నెలలు గడుస్తుంది.

రెండోది టైర్లు. బల్లపరుపు రోడ్డు మీద, ఉదాహరణకి రణస్థలం దగ్గర హైవే మీద, గంటకి 27 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నామనుకోండి. మామూలు అంచనాలతో లెక్కేస్తే గాలిని చీల్చడానికి 97 వాట్లు, టైర్ల రోలింగ్‌కి చౌక టైర్లతో 44 వాట్లు. మంచి టైర్లతో ఆ 44 కాస్తా 28 అవుతుంది. అంటే 16 వాట్లు మిగిలాయి. నా కార్బన్ సామాను ఇదే రోడ్డు మీద మిగిల్చేది 0.14 వాట్. మోచేతులు కొంచెం మడిచి ఛాతీ దించితే గాలిలో పదో వంతు తగ్గుతుంది, దాదాపు 10 వాట్లు, ఉచితం.

టైరు కొనేటప్పుడు పక్కన అచ్చు వేసిన అంకెలు చూడండి. 28-622 అని ఉంటే 28 వెడల్పు, 622 రిమ్ వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 700సి అని మనం పిలిచేది ఈ 622నే. నాలాంటి బ్రేకులున్న చాలా సైకిళ్ళలో 28 కంటే వెడల్పు పట్టదు, ముందే వేలు పెట్టి ఖాళీ చూసుకోవాలి. నేను 25 నుంచి 28కి మారాను, జత 3,700. మారాక గాలి తగ్గించాను కూడా. నా బరువు 62 కిలోలు, ఇప్పుడు వెనక 75, ముందు 65 పిఎస్ఐ. మొదట్లో "రాయిలా ఉంటే స్పీడు" అని 110 కొట్టేవాణ్ణి. నున్నటి రోడ్డు మీద అది సరిపోతుందేమో. మన గరుకు రోడ్డు మీద రాయిలాంటి టైరు ప్రతి గతుక్కీ మనిషిని పైకి విసిరేస్తుంది, ఆ విసరడానికి ఖర్చయ్యేది మన శక్తే. కళింగపట్నం వెళ్ళొచ్చిన రోజున నా అరచేతులకి తేడా తెలిసింది.

గేర్ల సంగతి చిన్నదే. 34, 28 పళ్ళ జోడీలో పెడల్ ఒక్కసారి తిప్పితే సైకిల్ సుమారు 2.55 మీటర్లు కదులుతుంది. వెనక 32 వేస్తే 2.23. 9 శాతం ఎత్తులో 150 వాట్లకి మొదటి దాంట్లో నిమిషానికి 50 తిప్పులు, రెండో దాంట్లో 57. కాగితం మీద ఏడే తేడా, మోకాలికి మాత్రం చాలా. కాకపోతే వెనక డెరైలర్ 32 పళ్ళు మోయగలదో లేదో దాని మోడల్ నంబర్ బట్టి చూసుకోవాలి. చౌక సైకిళ్ళు కొన్నింటిలో క్యాసెట్ కాకుండా మరతో బిగించే ఫ్రీవీల్ ఉంటుంది, దానికి ఇది ఎక్కదు. పెద్ద పళ్ళకి చైను కూడా పొడుగు కావాలి. నా చైను ఎలాగూ సాగిపోయింది. అది తెలుసుకోవడానికి స్టీలు స్కేలు చాలు. కొత్త చైనులో ఒక పిన్ను నుంచి 24 లింకుల అవతల పిన్ను వరకు కచ్చితంగా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే మార్చే టైమొచ్చింది. మార్చకపోతే అది వెనక పళ్ళని కూడా తినేస్తుంది. క్యాసెట్, చైను కలిపి 1,950.

"ఇన్ని మార్చే బదులు కార్బన్ ఫ్రేమే కొనొచ్చు కదా, అల్యూమినియం గట్టిగా కొడుతుంది" అని మా రూమ్మేట్ వాదన. అల్యూమినియం సాంద్రత ఉక్కులో మూడో వంతు, దాని బిగువు కూడా సుమారు మూడో వంతే. అందుకే గొట్టాలు లావుగా చేస్తారు. గొట్టం లావు పెరిగే కొద్దీ వంగకుండా నిలిచే గుణం చాలా వేగంగా పెరుగుతుంది. గతుకులు తెలియడానికి కారణం అదేనని అంటారు. కానీ ఫ్రేము నిలువుగా వంగేది వెంట్రుకంత, టైరు నొక్కుకునేది మిల్లీమీటర్లలో. కుదుపు తగ్గాలంటే చేయి పెట్టాల్సింది టైరు మీదే. ఫ్రేము విషయంలో నేను భయపడేది ఒక్కటి: ఉక్కుకి ఒక హద్దు లోపు ఒత్తిడి ఎన్నిసార్లు పడినా ఏమీ కాదు, అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. కాబట్టి కడిగినప్పుడల్లా వెల్డింగ్ అతుకుల దగ్గర పెయింట్ చీలిందేమో చూస్తాను.

అన్నట్టు సీటు. దీన్ని తాతే పట్టుకున్నాడు. "ముందు కూకోడం సరిగ్గా కూకో" అని సీటు రెండు సెంటీమీటర్లు లేపాడు. తర్వాత నేను చూసుకుంటే, కాలి లోపలి కొలతని 0.883తో గుణించే పాత లెక్క ఒకటుంది, క్రాంకు ఇరుసు మధ్య నుంచి సీటు పైవరకు అంత ఉండాలంటారు. నా 80 సెంటీమీటర్లకి 70.6. తాత కంటితో పెట్టింది 70.5. డబ్బులు తీసుకోలేదు.

ఇక కార్బన్ సామాను. వైజాగ్ కుర్రాడొకడు రెండూ కలిపి 6,000కి తీసుకుంటానన్నాడు. అమ్మేస్తే నా బడ్జెట్ నిండిపోయేది. కానీ ఆ రోజు పడినప్పుడు హ్యాండిల్ చివర రాయికి తగిలింది. పైకి చిన్న గీతే. అల్యూమినియం వంగితే కనిపిస్తుంది. కార్బన్ లోపల పొరలు విడిపోతే బయటికి తెలియకపోవచ్చు, ఏదో రోజు ఒక్కసారిగా విరుగుతుంది. రెండు రోజులు చాట్ ఓపెన్ చేయడం, మూసేయడం. ఆ మలుపు గుర్తొచ్చి, పడిందని చెప్పేశాను. అతను సీటు గొట్టం ఒక్కటీ 2,500కి తీసుకున్నాడు. హ్యాండిల్‌ని రంపంతో రెండు ముక్కలు చేశాను, ఇంకెవరూ వాడకుండా. ఒక ముక్కకి ఇప్పుడు నా హాస్టల్ రూములో తువ్వాలు ఆరుతోంది. 5,500 రూపాయల దండెం.

మిగిలిన 4,500కి ఈ 2,500 కలిపితే 7,000. పైన చెప్పిన ఖర్చులన్నీ 6,800. చివరి 200తో గ్రీజు డబ్బా కొన్నాను, మన ప్రాంతం వాళ్ళకి ఇది ముఖ్యం. "అల్యూమినియం తుప్పు పట్టదు" అనేది సగం నిజం. ఉప్పు తేమలో అల్యూమినియం, ఉక్కు ఆనుకుని ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేసి, అల్యూమినియం తినుకుపోతుంది. సముద్రం పక్కన తొక్కొచ్చి అలాగే వదిలేస్తే ఉక్కు బోల్టులు అల్యూమినియం మరల్లో బిగుసుకుపోతాయి, ఇంక ఊడవు. నా బ్రేకు వైరుని తినేసింది కూడా కళింగపట్నం గాలే అనుకుంటున్నాను. ఇప్పుడు వచ్చిన వెంటనే మంచినీళ్ళతో కడిగి ఆరబెడతాను. ఆరు నెలలకోసారి సీటు గొట్టం, బోల్టులు తీసి గ్రీజు రాస్తాను. కార్బన్ గొట్టానికి మాత్రం గ్రీజు రాయకండి, జారిపోతుంది, దానికి వేరే పేస్టుంది.

డిసెంబర్లో అదే ఘాట్ మళ్ళీ ఎక్కాను. రెండు సార్లే ఆగాను. దిగేటప్పుడు ఆ మలుపు దగ్గర వాన లేదు, బస్సు లేదు, అయినా చాలా ముందు నుంచే బ్రేకు తాకించి దాదాపు నడక వేగంతో దాటాను. వెనకొస్తున్న బైకు వాడు హారన్ కొట్టాడు. కొట్టనీ.

వచ్చే ఆదివారం ఉదయం 5 గంటలకి మూడు లాంతర్ల దగ్గర ఉంటాను, రామతీర్థం వెళ్ళి టిఫిన్ టైముకి వచ్చేస్తాను. ఏ సైకిలైనా పర్లేదు. వచ్చేవాళ్ళు ఒక స్టీలు స్కేలు తెచ్చుకోండి, బయల్దేరే ముందు అందరి చైన్లూ కొలుద్దాం.