గుడ్డి కొంగ

మెదక్ చుట్టుపక్కల యాసంగి నాట్లప్పుడు మడి గట్టున మట్టిరంగు కొంగ కూర్చుంటుంది. మెడ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. మనిషి దగ్గరికి పోయేదాక కదలదు. అందుకే గుడ్డి కొంగ అన్నారు. దాని కళ్లకేం, బాగానే కనిపిస్తాయి! లేచిందంటే తెల్లటి రెక్కలు మెరుస్తాయి.

వానకాలం వచ్చేసరికి పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయి. వీపు ముదురు ఎరుపు అవుతుంది. తల వెనక పొడుగు ఈకలు వేలాడతాయి. చూసినవాళ్లు వేరే కొంగ అనుకుంటారు. అది ఎగిరినప్పుడు చూడాలి. రెక్కలు అవే, తెల్లనివి.

గూడు కట్టేది ఈ రంగులోనే. తల్లీ తండ్రీ రెండూ పొలంలో పురుగుల్ని, కప్పల్ని, ఎండ్రికాయల్ని పట్టి పిల్లలకు పెడతాయి. అప్పుడు ఒకటి ఉచ్చులో పడితే గూట్లో పిల్లలకు పస్తే. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం ఈ కొంగను పట్టినా, చంపినా నేరం. గుడ్లు తీసినా నేరమే.