నానో బీటెక్‌కు తొందరొద్దు, ముందు ఒక సబ్జెక్టు గట్టిపడనివ్వండి

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాక నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో కొందరు ఈ మధ్య ఒకే మాట పట్టుకొస్తున్నారు. ‘కంప్యూటర్ సైన్స్‌లో ఇప్పటికే అందరూ దూరారండీ, మావాణ్ని నానో టెక్నాలజీలో వేద్దామనుకుంటున్నాం. రాబోయే కాలమంతా అదేనట కదా!’ చేతిలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ బ్రోషర్ ఉంటుంది. క్యాన్సర్ కణాన్ని గురిచూసి కొట్టే బంగారు గోళీలు, అయిదు నిమిషాల్లో నిండిపోయే బ్యాటరీ అందులో బొమ్మలు. ఫీజు కలుపుకుంటే నాలుగేళ్లకు లక్షల్లో ఉంటుంది. పక్కన కూర్చున్న పిల్లవాణ్ని ‘నీకు కెమిస్ట్రీ ఇష్టమేనా?’ అని అడిగితే వాడు నాన్న మొహం చూస్తాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నానో శాస్త్రం ఎంతో గొప్పది, దానితో అయ్యే పని కూడా నిజమైనదే. కానీ ఇంటర్ అవ్వగానే ఆ పేరుతో దొరికే డిగ్రీని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఎందుకో అర్థం కావాలంటే ఆ శాస్త్రం సంగతి కొంచెం తెలియాలి. మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. పదార్థాన్ని 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణానికి తెస్తే దాని గుణాలే మారిపోతాయి. లోపలి పరమాణువులతో పోలిస్తే ఉపరితలం మీదివి బాగా పెరుగుతాయి, ఎలక్ట్రాన్లకు తిరిగే చోటు ఇరుకవుతుంది. అందుకే బంగారం ఆ స్థాయిలో నీటిలో తేలుతూ ఎర్రగా కనిపిస్తుంది. క్యాడ్మియం సెలినైడ్ రేణువు పరిమాణం మారిస్తే చాలు, అది వెలువరించే రంగు మారుతుంది. ఆ క్వాంటమ్ డాట్లను కనుగొని తయారుచేసినందుకే 2023లో మౌంగీ బవెండి, లూయీ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. మొదటి ఇద్దరూ రసాయన శాస్త్రవేత్తలు, మూడో ఆయన భౌతిక శాస్త్రవేత్త. ఒక పదార్థం ఎందుకలా ప్రవర్తిస్తోందో క్వాంటమ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్, ఉపరితల రసాయనం చెబుతాయి. ఇవన్నీ పాత సబ్జెక్టుల్లోవే. వాటిని నాలుగేళ్ల బీటెక్‌లో తలా ఒక సెమిస్టరు రుచి చూపించి వదిలేస్తే పిల్లవాడికి ఏదీ చేతికి రాదు.

వైద్యంలో ఏం జరిగిందో చూడండి. డాక్సోరూబిసిన్ పాత క్యాన్సర్ మందు. బాగా పనిచేస్తుంది, కానీ గుండెను దెబ్బతీస్తుంది. దాన్ని దాదాపు 100 నానోమీటర్ల కొవ్వు పొరల సంచిలో, అంటే లైపోజోమ్‌లో, నింపి తయారుచేసిన డాక్సిల్‌కు 1995లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. గుండెకు ముప్పు బాగా తగ్గింది. అయితే అదే సంచి రక్తంలో ఎక్కువసేపు తిరిగి చర్మంలోకి చేరడంతో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కే కొత్త బాధ వచ్చిపడింది. దీని జనరిక్‌కు అమెరికాలో అనుమతి రావడానికి 2013 దాకా పట్టింది. తెచ్చింది మన సన్ ఫార్మా. మామూలు మాత్రకైతే అందులోని మందు ఒకటేనని, రక్తంలోకి ఒకేలా చేరుతోందని చూపిస్తే చాలావరకు సరిపోతుంది. ఇక్కడ సంచి పరిమాణం, లోపల మందు స్ఫటికాలుగా కూర్చున్న తీరు, బయటికి వచ్చే వేగం అన్నీ అసలుదానిలాగే ఉన్నాయని నిరూపించాలి. ఆ నిరూపణ చేయగలిగినవాళ్లకే ఉద్యోగాలు. వాళ్లు ఫార్మస్యూటిక్స్, అనలిటికల్ కెమిస్ట్రీ చదివినవాళ్లు.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు లైపోజోమల్ యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం మన ఊళ్లలో జనం ఎలా పరుగులు తీశారో ఎవరూ మరచిపోలేదు. పాత రకం యాంఫోటెరిసిన్ కిడ్నీల మీద పడుతుంది, లైపోజోమ్‌లో ఉన్నది ఆ హాని తగ్గిస్తుంది. కొవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాలను కణంలోకి మోసుకెళ్లినవీ లిపిడ్ నానో రేణువులే. పుణెలోని జెన్నోవా సొంతంగా ఎంఆర్ఎన్ఏ టీకా తయారుచేసి 2022లో అత్యవసర అనుమతి తెచ్చుకుంది. ఇవన్నీ చూసి ఉత్సాహపడటం సహజమే. దాంతోపాటు ఇంకో లెక్క కూడా పిల్లలకు చెప్పండి. అంతకుముందు పదేళ్ల పరిశోధన పత్రాలను వడపోసి 2016లో టొరంటో శాస్త్రవేత్తలు తేల్చింది ఏమిటంటే, ఒంట్లోకి ఎక్కించిన నానో రేణువుల్లో కణితిని చేరేది మధ్యస్థంగా 0.7 శాతమే. మిగతావాటిలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. బ్రోషర్‌లోని గోళీ అంత సులువుగా గురి తగలదు. ఆ గురి కుదరాలంటే రక్తం, కాలేయం, రోగనిరోధక వ్యవస్థ ఎలా పనిచేస్తాయో తెలిసినవాళ్లు కావాలి.

కాబట్టి బైపీసీ పిల్లలకు నా మొదటి మాట ఫార్మసీ. నీట్‌లో సీటు రాలేదని రెండోసారి, మూడోసారి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చోబెట్టి పిల్లల ప్రాణాలు తోడేస్తున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఏళ్లలో ఆ పిల్లలు మంచి కాలేజీలో బీఫార్మసీ సగం పూర్తిచేసి ఉండేవారు. తర్వాత జీప్యాట్, నైపర్ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్‌లో ఫార్మస్యూటిక్స్ చేరవచ్చు. ఇంజెక్టబుల్స్ తయారుచేసే కంపెనీలు మన చుట్టూనే ఉన్నాయి. వాటి ఫార్ములేషన్ ఆర్ అండ్ డీ విభాగాల్లో లైపోజోమ్ మీద చేయి తిరిగినవాళ్లకు విలువ ఉంది. ‘ఫార్మసీ అంటే మెడికల్ షాపు పెట్టుకోవడమేగా’ అనే మేనమామలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్ల మాట దయచేసి పక్కన పెట్టండి.

ఎంపీసీ పిల్లలకు ఇంధనం, పదార్థాల వైపు దారి ఉంది. నేడు విద్యుత్ బస్సుల్లో, ఆటోల్లో విరివిగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కథే తీసుకోండి. 1997లో జాన్ గుడినఫ్ బృందం ఆ పదార్థం బ్యాటరీకి పనికొస్తుందని చూపించింది. చవక, భద్రం. కానీ దానిలో కరెంటు సరిగా పారదు, లిథియం కదలిక మందకొడి. రేణువులను నానో స్థాయికి చిన్నవి చేసి, పైన కార్బన్ పూత పూస్తే లిథియం ప్రయాణించాల్సిన దూరం తగ్గింది, ఎలక్ట్రాన్లకు దారి దొరికింది. పక్కన పెట్టాల్సిన పదార్థం బండి నడిపేదయింది. గుడినఫ్ డిగ్రీలో చదివింది గణితం, పీహెచ్‌డీ భౌతికశాస్త్రం, 2019లో నోబెల్ అందుకున్నది కెమిస్ట్రీలో, 97 ఏళ్ల వయసులో. పదిహేడేళ్లకే జీవితం తేలిపోవాలనుకునే పెద్దలు ఈయన గురించి ఒకసారి చదవాలి.

హైదరాబాద్ బాలాపూర్‌లో ఆర్కి అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. ఇలాంటి బ్యాటరీ పదార్థాల మీద, పూతల మీద, నానో పొడుల మీద అక్కడ పని జరుగుతుంది. మన ఊళ్లోనే ఇంత మంచి ల్యాబ్ ఉందని హైదరాబాద్ తల్లిదండ్రుల్లోనే చాలామందికి తెలియదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ప్రాజెక్టు చేపట్టింది. ఇలాంటిచోట్ల అవసరమయ్యేది ఎలక్ట్రోకెమిస్ట్రీ, మెటలర్జీ, కెమికల్ ఇంజనీరింగ్ తెలిసినవాళ్లు. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ టి.ప్రదీప్ వెండి నానో రేణువులతో నీటిలోని పురుగుమందులను తొలగించే ఫిల్టర్ చేశారు, ఆర్సెనిక్‌ను పట్టే పదార్థం చేశారు. ఆయనదీ కెమిస్ట్రీ పీహెచ్‌డీయే.

పేరు చూసి మోసపోకూడదనడానికి రైతు కుటుంబాలకు బాగా తెలిసిన ఉదాహరణ నానో యూరియా. 2021లో ఇఫ్కో అర లీటరు సీసా తెచ్చి ఒక బస్తా యూరియాకు సమానమంది. తర్వాత పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల్లో పరీక్షిస్తే వరి, గోధుమ దిగుబడులు తగ్గాయని తేలింది. వాదన ఇంకా నడుస్తోంది. ఆ వాదన తేల్చగలిగేది నేల రసాయనం, మొక్క శరీరధర్మం చదివినవాళ్లే. అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లలకు అక్కడ చక్కటి పరిశోధనాంశం ఉంది.

ఇక నన్ను బాధపెట్టే సంగతులు. గేట్‌లో ముప్పై దాకా పేపర్లున్నాయి, వాటిలో నానో టెక్నాలజీ పేపరు లేదు. ఎమ్మెస్సీ కోసం రాసే జామ్‌లో లేదు. సీఎస్ఐఆర్ నెట్‌లో అయిదు సబ్జెక్టులే, అక్కడా లేదు. అంటే నానో బీటెక్ చదివిన పిల్లవాడు పై చదువుకు వెళ్లాలంటే మెటలర్జీ, కెమికల్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లతో వాళ్ల సబ్జెక్టులోనే పోటీ పడాలి. వాళ్లు నాలుగేళ్లు చదివింది ఇతను ఒక సెమిస్టరు చదివి ఉంటాడు. డిగ్రీ లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ తీసి చూడండి. కెమిస్ట్రీ ఉంటుంది, ఫిజిక్స్ ఉంటుంది. నానో పేరుతో ఎమ్మెస్సీ ఉన్నవాళ్లు తమది కెమిస్ట్రీకి సమానమేనని కాగితాలు తెచ్చుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరగాలి. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలా కాలేజీల్లో సాఫ్ట్‌వేర్‌వే. లక్షలు పోసి నానో చదివించి, చివరికి అమీర్‌పేటలో జావా నేర్పించడం ఎవరి భవిష్యత్తు కోసం?

దీని చుట్టూ చిన్న చిన్న వలలు కూడా పుట్టుకొచ్చాయి. రెండు వారాల ఆన్‌లైన్ ‘నానో ఇంటర్న్‌షిప్’, వేలల్లో రుసుము, చివర రంగుల సర్టిఫికెట్. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందు కూర్చోకుండా, పార్టికల్ సైజు ఒక్కసారైనా కొలవకుండా ఇచ్చిన ఆ కాగితాన్ని ఏ ల్యాబూ పట్టించుకోదు. కావాలంటే ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, హాయిగా వినండి. ఆరో తరగతి పిల్లలకు ‘ఫౌండేషన్’ పేరిట నానో, రోబోటిక్స్, ఐఐటీ కలిపి అమ్మే స్కూళ్లున్నాయి. ఆ వయసు పిల్లలకు పటిక స్ఫటికం పెంచే తీరిక ఇస్తే చాలు. ఇంటి మీద అప్పు తెచ్చి విదేశాల్లో నానో ఎంఎస్‌కు పంపమనే కన్సల్టెన్సీలకు చెప్పే సమాధానం ఒకటే. ఆ రంగంలో మంచి పీహెచ్‌డీ సీటంటే ఫెలోషిప్‌తోనే వస్తుంది. సొంత డబ్బు పెట్టి చదవమంటున్నారంటే ఆగి ఆలోచించండి.

నాకు నచ్చే దారులు కొన్నే. శాస్త్రం మీద ప్రేమ ఉన్న పిల్లలకు ఐఏటీ రాసి తిరుపతి ఐసర్ లాంటిచోట బీఎస్ ఎంఎస్. లేదా మంచి ల్యాబున్న డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లేదా ఫిజిక్స్ ప్రధానంగా బీఎస్సీ, తర్వాత జామ్‌తో ఐఐటీ, ఐఐఎస్‌సీ. ఇంజనీరింగే కావాలంటే వరంగల్ ఎన్ఐటీలో, హైదరాబాద్ ఐఐటీలో మెటలర్జీ, మెటీరియల్స్ విభాగాలు, లేదా కెమికల్ ఇంజనీరింగ్. కంప్యూటర్ సైన్స్‌కంటే బాగా వెనక ర్యాంకుకు సీటు వస్తుందని ఈ బ్రాంచిలను చిన్నచూపు చూస్తారు. బ్యాటరీ నుంచి విమాన ఇంజను దాకా పదార్థం లేకుండా ఏదీ లేదు. నానో అక్కడి నుంచి, పీజీలోనో పీహెచ్‌డీలోనో మొదలుపెట్టండి. జేఎన్‌టీయూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో నానో ఎంటెక్ ఉంది. గట్టి డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లకు అది మంచి మలుపు.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. ఈ దారి పొడవైనది. ఇరవై రెండేళ్లకు జీతం అందుకుని ఇల్లు నడపాల్సిన పిల్లలకు ఇది కష్టం, వాళ్లకు కెమికల్ లేదా ఫార్మసీ డిగ్రీతో నేరుగా ప్లాంటులో ఉద్యోగం మేలు. పరిశోధనకు వెళితే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37 వేలు, రెండేళ్లయ్యాక 42 వేలు, హెచ్ఆర్ఏ అదనం. 2023 నుంచి ఇదే లెక్క. అమెరికా ప్యాకేజీతో పోల్చి పిల్లల్ని చిన్నబుచ్చకండి. ‘అమ్మాయికి పీహెచ్‌డీ అంటే పెళ్లి ఆలస్యం’ అని ఎమ్మెస్సీ దగ్గరే ఆపేసే ఇళ్లకు నేను ప్రతిసారీ గట్టిగానే చెబుతాను, ఆపకండి అని. ఇంటర్ కెమిస్ట్రీలో మార్కులు తగ్గాయని ఏడ్చే పిల్లలకు నోబెల్ అందుకున్న బవెండి సంగతి చెబుతాను. హార్వర్డ్‌లో ఆయనకు మొదటి కెమిస్ట్రీ పరీక్షలో వందకు ఇరవై వచ్చాయట, తరగతిలో అందరికన్నా తక్కువ. ఆ విషయం ఆయనే చెప్పుకున్నారు.

నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. సీఎస్ఐఆర్ స్థాపన దినం సెప్టెంబర్ 26, జాతీయ సైన్స్ దినోత్సవం ఫిబ్రవరి 28. ఆ రోజుల చుట్టూ తార్నాకలోని ఐఐసీటీ వంటి ల్యాబులు విద్యార్థులకు తలుపులు తెరుస్తుంటాయి. పిల్లల్ని తీసుకెళ్లండి, మీరు పక్కకు జరిగి వాళ్లనే మాట్లాడనివ్వండి. నానో మీద పనిచేస్తున్న స్కాలర్ కనిపిస్తే, డిగ్రీలో ఏం చదివారో, రోజూ ల్యాబులో ఏం చేస్తారో, ప్రయోగం చెడితే ఏం చేస్తారో అడగమనండి. ఇంటికొచ్చాక పిల్లలు ఆ మూడో జవాబు గురించి ఉత్సాహంగా మాట్లాడుతుంటే, అప్పుడు దరఖాస్తుల సంగతి చూడొచ్చు.