నక్షత్ర సామ్రాజ్యంలో తిరుగుబాటు

చక్రవర్తి ఒక నక్షత్రం దగ్గర ఉంటాడు. ఆయన ఏలుబడిలో వేలాది గ్రహాలు. ఎక్కడో దూరాన ఒక గ్రహంలో ప్రజలు పన్నులు కట్టబోమని ఎదురు తిరుగుతారు. మరునాటికల్లా చక్రవర్తి యుద్ధనౌకలు ఆ గ్రహాన్ని చుట్టుముడతాయి!

సైన్సు కల్పన కథల్లో ఇటువంటి సాహసాలు మీరు చదివే ఉంటారు. 1951లో పుస్తకంగా వచ్చిన ఐజాక్ అసిమోవ్ 'ఫౌండేషన్'లో పాలపుంత మొత్తాన్ని ఏలే సామ్రాజ్యం ఉంది. 1977లో విడుదలైన 'స్టార్ వార్స్' సినిమాలో అటువంటి సామ్రాజ్యంపై తిరుగుబాటుదారులు పోరాడతారు.

కథ బాగానే ఉంది. కాని 'మరునాటికల్లా' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. తిరుగుబాటు కబురు రాజధానికి ఎప్పుడు చేరింది? సైన్యం ఎన్నాళ్ళు ప్రయాణం చేసింది? లెక్క వేసి చూద్దాం.

అమలాపురంలో సూర్యుడు

లక్ష కిలోమీటర్లను ఒక సెంటీమీటరుగా కుదించామనుకోండి. సూర్యుని వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లు. కనుక మన నమూనాలో సూర్యుడు 14 సెంటీమీటర్ల కొబ్బరి బోండాం అవుతాడు. ఆ బోండాన్ని అమలాపురంలో ఒక పెరట్లో పెడదాం. భూమి ఎంత ఉంటుంది? చిన్న ఆవగింజంత. దాన్ని బోండానికి 15 మీటర్ల దూరంలో ఉంచాలి. చంద్రుడు ఆవగింజకు నాలుగు సెంటీమీటర్ల లోపే ఉంటాడు.

ఇప్పుడు రెండో బోండాం, అంటే మనకు దగ్గరలో ఉన్న మరో నక్షత్రం, ఎక్కడ పెట్టాలి? రాజోలులోనా? కొత్తపేటలోనా? కాదు. రమారమి 4,100 కిలోమీటర్ల అవతల, ఇంచుమించు చైనా రాజధాని బీజింగ్ దగ్గర పెట్టాలి! మధ్యలో అంతా దాదాపు శూన్యమే.

ఆ నక్షత్రం పేరు ఆల్ఫా సెంటారి. మే నెలాఖరు రాత్రి పది, పదిన్నర గంటల వేళ అంతర్వేది సముద్రతీరాన నిలబడి దక్షిణ దిక్కుకు చూడండి. చేయి చాచి పట్టిన పిడికిలి కన్న కొంచెం ఎక్కువ ఎత్తున రెండు ప్రకాశవంతమైన చుక్కలు పక్కపక్కన కనిపిస్తాయి. ఎడమ వైపుది ఆల్ఫా సెంటారి. దాని దూరం 4.37 కాంతి సంవత్సరాలు. ఈ రాత్రి మీ కంటిని చేరే దాని వెలుగు నాలుగేళ్ళ నాలుగు నెలల క్రితం బయలుదేరినది.

చీమ నడక

కాంతి వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. మన నమూనాలో అది సెకనుకు 3 సెంటీమీటర్లు, అంటే చీమ నడక! రేడియో సందేశం పోయేదీ ఆ వేగంతోనే. అంతకన్న వేగంగా ఏ కబురూ పోజాలదని 1905లో ఐన్‌స్టీన్ ప్రకటించిన సాపేక్షతా సిద్ధాంతం చెబుతుంది. నేటి వరకు ఏ ప్రయోగమూ దాన్ని తప్పని చూపలేదు. కనుక చక్రవర్తి ఆజ్ఞ అమలాపురం నుంచి బీజింగ్‌కు నడిచి వెళ్ళే చీమ వంటిది.

మన నౌకల మాట చెప్పనే అక్కరలేదు. 1977లో బయలుదేరిన వాయేజర్-1, 2025 చివరికి సుమారు 2,500 కోట్ల కిలోమీటర్లు వెళ్ళింది. మన నమూనాలో అది రెండున్నర కిలోమీటర్లు. నలభై ఎనిమిదేళ్ళలో అమలాపురం పొలిమేర దాటిందన్నమాట! ఆ వేగంతో ఆల్ఫా సెంటారి అంత దూరం పోవాలంటే సుమారు 77 వేల ఏళ్ళు పడుతుంది.

మరి చక్రవర్తి దగ్గర ఇంకా మంచి నౌకలున్నాయనుకుందాం. అవి కాంతి వేగంలో పదో వంతుతో పోతాయి. లెక్క ఇలా ఉంటుంది.

తిరుగుబాటు కబురు రాజధానికి చేరడానికి: 4.37 ఏళ్ళు.
సైన్యం అక్కడికి వెళ్ళడానికి: 43.7 ఏళ్ళు.
మొత్తం: దాదాపు 48 ఏళ్ళు.

తిరుగుబాటు నాడు ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడు సైన్యం దిగేనాటికి తాతయ్య అయి ఉంటాడు. ఆజ్ఞ ఇచ్చిన చక్రవర్తి ఉంటాడో, ఉండడో! ఖర్చు కూడా చూడండి. 1,000 టన్నుల నౌకను ఒక్కదాన్ని ఆ వేగానికి తేవడానికి కావలసిన శక్తి, ఇప్పుడు ప్రపంచమంతా ఒక ఏడాదిలో వాడే శక్తిలో మూడింట రెండు వంతుల కన్న ఎక్కువ. అక్కడ నౌకను ఆపడానికి ఇంకా శక్తి కావాలి.

మన్యంలో ఏం జరిగింది?

కబురుకూ, దారికీ, రాజ్యానికీ గల సంబంధం మన గోదావరి సీమ చరిత్రలోనే ఉంది. 1857లో ఉత్తర భారతంలో తిరుగుబాటు జరిగిన కబురు లండన్‌కు చేరడానికి సుమారు నెలన్నర పట్టింది. తరువాత సముద్రగర్భంలో తంతి తీగలు వేశారు. 1922 నాటికి కబురు గంటల్లో పోయేది.

ఆ ఏడాది ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడి చేసి ఆయుధాలు తీసుకున్నాడు. ప్రభుత్వానికి తంతి ఉంది, రైలు ఉంది, మలబారు నుంచీ అస్సాం నుంచీ రప్పించిన బలగాలున్నాయి. అయినా దారులు లేని కొండల్లో ఆ పోరాటం 1924 మేలో రాజు మరణించేదాకా, అంటే దాదాపు రెండేళ్ళు సాగింది. కబురు గంటల్లో అందినా అంత కాలం పట్టింది! కబురుకే నాలుగేళ్ళు పట్టే చోట రాజ్యం ఎలా నిలుస్తుంది?

ఈ చిక్కు రచయితలకు తెలుసు. అందుకే కథల్లో కాంతిని మించి దూకే నౌకలను కల్పిస్తారు. అది కథ కోసం చేసుకున్న ఏర్పాటే కాని, సైన్సు కనుగొన్న దారి కాదు.

తుపాను వస్తే?

కాబట్టి మనుషులు ఎప్పుడైనా మరో నక్షత్రం చేరితే, అక్కడ స్వరాజ్యం కోసం పోరాడనక్కర లేదు. దూరమే వారికి స్వరాజ్యం ఇస్తుంది. కాని అదే దూరం మరొకటి తీసుకుపోతుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను ముంచెత్తింది. కొబ్బరి తోటలు కూలాయి, తీగలు తెగాయి, దారులు మూసుకుపోయాయి. గోదావరి జిల్లాలలో వేయిమందికి పైగా మరణించారు. అయినా బయటినుంచి బియ్యం, మందులు, మనుషులు వచ్చారు. ఆ దూరపు గ్రహంలో అటువంటి ఆపద వస్తే? ఇక్కడి నుంచి మందు చేరేసరికి రోగి మనుమలు ముసలివారవుతారు. అక్కడి ధాన్యం, అక్కడి వైద్యం, అక్కడి బడి అన్నీ వారే చూసుకోవాలి. ఎవరి ఆజ్ఞా అందని చోటికి ఎవరి సాయమూ అందదు.

మీరే లెక్క కట్టండి

శ్రవణ నక్షత్రం మనకు 16.7 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ తిరుగుబాటు జరిగితే, కాంతి వేగంలో పదో వంతుతో పోయే సైన్యం ఎన్నేళ్ళకు చేరుతుంది? మన నమూనాలో శ్రవణాన్ని అమలాపురానికి ఎంత దూరంలో పెట్టాలి?

(జవాబులు: 183.7 ఏళ్ళు, సుమారు 15,800 కిలోమీటర్లు.)