భూటాన్ వెళ్ళే ముందు ఇద్దరూ నోరు విప్పాలి

మన పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు తేల్చేది చాలా తక్కువ. ముహూర్తం పంతులుగారు పెడతారు. మండపం నాన్న మాట్లాడతాడు. విస్తట్లో గుత్తివంకాయ ఉండాలా, పనసకాయ బిర్యానీ ఉండాలా అన్నది బాబాయిలు కీచులాడుకుని తేలుస్తారు. తలంబ్రాల చీర రంగులో పెద్దత్తయ్యకీ ఒక ఓటు ఉంటుంది. ఆ హడావుడంతా సద్దుమణిగాక ఇద్దరే కూర్చుని, తమ డబ్బుతో, తమ సెలవులతో తేల్చుకోవాల్సిన మొదటి పని హనీమూన్. దాన్ని కూడా ఏజెంటు ప్యాకేజీకి అప్పగించి చేతులు దులుపుకునే జంటల్ని చూస్తే, మంచి అవకాశం పోగొట్టుకున్నారే అనిపిస్తుంది.

"ఎక్కడికెళ్దాం?" అని అతను అడుగుతాడు. "నీ ఇష్టం" అంటుంది ఆమె. "కాదు, నీ ఇష్టమే" అంటాడతను. వినేవాళ్ళకి ముచ్చటే. కానీ అందులో సగం మర్యాదైతే సగం తప్పించుకోవడం. రేపు అక్కడ చలికి పళ్ళు కటకటలాడినప్పుడు "నేను ముందే అనుకున్నా" అనడానికి ఇద్దరూ దారి ఉంచుకుంటున్నారన్నమాట. కావలసింది నోరు తెరిచి అడగడం మన ఇళ్ళల్లో ఆడపిల్లలకి నేర్పలేదు. మగపిల్లలకి నేర్పింది అడగడం కాదు, చెప్పేయడం. పాతికేళ్ళ అలవాటు ఒక్క ప్రయాణంతో పోదు గానీ, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

అందుకు భూటాన్ భలే పనికొస్తుంది. సరిహద్దు పక్కనే ఉంది. మనకి వీసా అక్కర్లేదు, పర్మిట్ చాలు. మన రూపాయి, వాళ్ళ ఎంగుల్ట్రమ్ ఒకే విలువ. అయినా అడుగడుగునా ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సిన సంగతి ఒకటి ఎదురవుతుంది.

మొదటిది డబ్బు. 2022 సెప్టెంబరు నుంచి భారతీయ పర్యాటకులు కూడా తలకి రాత్రికి 1,200 రూపాయలు అక్కడి ప్రభుత్వానికి చెల్లించాలి. అయిదు రాత్రులంటే ఇద్దరికీ కలిపి 12,000. హోటలు, కారు, భోజనం దీనికి అదనం. ఈ అంకె వినగానే ఒకరు "దండగ" అంటారు, ఇంకొకరు "ఆ మాత్రం పెట్టలేమా" అంటారు. అక్కడ వాదన గెలవాలని చూడకండి. అవతలి మనిషి డబ్బుని ఏ కళ్ళతో చూస్తున్నారో పెళ్ళిచూపుల్లో తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది, వినండి. చదివింపుల డబ్బు ఎవరి దగ్గరుంది, బ్యాంకు లోను కంతు ఎంత కడుతున్నారు, ఇంటికి నెలనెలా ఎంత పంపుతున్నారు అన్న మాటలు ఈ 12,000 దగ్గరే బయటికి రావాలి. ఈలోగా మామగారు "టికెట్లు నేను తీస్తానయ్యా" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ టికెట్లు ఆయన తీస్తే తేదీలూ ఆయనవే, హోటలూ ఆయన స్నేహితుడు చెప్పిందే అవుతుంది. దణ్ణం పెట్టి వద్దనండి. చిన్న హోటలైనా మీ డబ్బుతో దిగండి.

రెండోది కాగితాలు. భూటాన్‌లోకి ఆధార్‌తో వెళ్ళడం కుదరదు. కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉండాలి. కొత్త పెళ్ళికూతురికి ఇక్కడో చిక్కు. పెళ్ళైన మర్నాడే ఫేస్‌బుక్‌లో ఇంటిపేరు మారిపోతుంది, ఓటరు కార్డులో మాత్రం పుట్టింటి పేరే ఉంటుంది. కార్డులో ఎలా ఉందో టికెట్టు మీద కూడా అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. అసలు ఇంటిపేరు మార్చుకోవాలా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన విషయం. విమానం టికెట్టు కొనే తొందరలో ఆ పేరు గడి అతను నింపేస్తే ఆమెకి అడిగే వీలే ఉండదు. ఫారం ఆమె చేతికివ్వండి.

తేదీల దగ్గర పెద్దవాళ్ళతో పేచీ తక్కువే. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉంటుంది. అదే రోజుల్లో భూటాన్ సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్ నుంచి రాజధాని థింఫూ వెళ్ళే కొండదారిలో వానలకి చరియలు విరిగిపడుతుంటాయి. ఆచారం, వాతావరణం ఒకే మాట మీద ఉండటం అరుదు, సంతోషించండి. మాఘమాసం పెళ్ళైతే వెంటనే బయల్దేరకండి. ఫిబ్రవరి రాత్రుళ్ళు థింఫూలో చలి సున్నాకి దిగువకి పోతుంది. మార్చి, ఏప్రిల్ హాయి. ఆకాశం తేటగా ఉండి మంచుకొండలు కనిపించాలంటే అక్టోబరు, నవంబరు.

హైదరాబాద్ నుంచి బాగ్‌డోగ్రాకి విమానం, అక్కణ్ణుంచి నాలుగైదు గంటలు కారులో జైగావ్. జైగావ్ మనది. హారన్లు, ఆటోలు, రోడ్డు మీదికొచ్చిన దుకాణాలు. సరిహద్దు గేటు దాటి ఫుంట్‌షోలింగ్‌లో అడుగుపెడితే హారన్ మోగదు, కార్లు జీబ్రా గీతల దగ్గర ఆగి మనుషులకి దారిస్తాయి. గడియారం అరగంట ముందుకి జరుపుకోవాలి. మర్నాడు థింఫూకి దాదాపు 150 కిలోమీటర్లు, మూడొందల మీటర్ల ఎత్తు కూడా లేని ఊరు నుంచి 2,300 మీటర్లకి ఒకటే మలుపులు. కడుపులో తిప్పుతుందన్న సంగతి కొత్త భర్త ముందు ఒప్పుకోవడానికి సిగ్గుపడి వెనకసీట్లో కళ్ళు మూసుకుని కూర్చునే అమ్మాయిలు ఉంటారు. ముందుసీటు అడగండి, మాత్ర ముందే వేసుకోండి.

థింఫూ నడిబొడ్డున ట్రాఫిక్ లైట్లు కనిపించవు. రంగుల మండపంలాంటి చిన్న గూట్లో నిలబడి పోలీసు చేతి సైగలతో బళ్ళు నడిపిస్తాడు. దోచులా కనుమ మీద 108 స్తూపాలు చూసి అవతలికి దిగితే పునాఖా. అక్కడ రెండు నదులు కలిసేచోట 1637 నాటి కోట ఉంది. ఇప్పటి రాజు పెళ్ళి 2011లో జరిగింది ఆ కోటలోనే.

అసలు పరీక్ష పారో లోయలో, తక్త్‌సాంగ్ మఠం ఉన్న కొండమీద. ఆ మఠం 3,120 మీటర్ల ఎత్తులో కొండచరియకి అతుక్కుని ఉంటుంది. కింద లోయకి అది దాదాపు 900 మీటర్ల పైన ఉంది. సగం దారిలో ఒక కెఫెటీరియా ఉంది, గుర్రాలు కూడా దాదాపు అక్కడిదాకానే. అక్కడ టీ తాగుతూ చూస్తే మఠం ఎదురుగా, చేయి చాస్తే అందేటట్టే ఉంటుంది. ఇంకా అంతే దూరం ఉంది, చివర్లో వందల మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. అతనికి ఎక్కాలని ఉంటుంది. ఆమెకి మోకాళ్ళు మొరాయిస్తాయి. లేదా ఆమే చకచకా ఎక్కేస్తుంది, అతనికే ఆయాసం. అప్పుడు ఒకరి కోసం ఇంకొకరు పళ్ళు బిగించి ఎక్కడమో, ఉసూరుమంటూ దిగిపోవడమో జరిగితే ఆ సాయంత్రమంతా మూతి ముడుపులే. ముందురోజు రాత్రే అనుకోండి: "నేను కెఫెటీరియా దగ్గర ఆగిపోతానేమో, నువ్వు వెళ్ళిరా." హనీమూన్‌లో రెండు మూడు గంటలు విడిగా ఉండటం అపచారమేమీ కాదు. లోపలికి ఫోన్లు ఎలాగూ రానివ్వరు, కాబట్టి పైకెళ్ళినవాళ్ళు కిందున్నవాళ్ళకి చూసింది చూసినట్టు చెప్పాల్సిందే.

ఇళ్ళకి ఫోను సంగతి కూడా ముందే అనుకోవాలి. పొద్దస్తమానం ఫ్యామిలీ గ్రూపులో ఫోటోలు పెడుతూ కూర్చుంటే అది కుటుంబ యాత్రే. రోజుకొక్కసారి చాలు. అయితే అతను వాళ్ళమ్మకి, ఆమె వాళ్ళమ్మకి చేసుకోవడం కాదు. అత్తగారికి కోడలు, అత్తగారికి అల్లుడు చేయాలి. మాటలు దొరకవని భయం వద్దు. ఆ దేశంలో మిరపకాయే కూర. పచ్చిమిరపకాయల్ని చీల్చి జున్నులాంటి చీజ్‌తో ఉడికించి, ఎర్రన్నంలోకి పెట్టే ఎమా దత్సి గురించి గుంటూరు అత్తగారికి చెప్పి చూడండి. "మిరపకాయల్లో ఇంకేం వేయరా? అన్నంలోకి అదొక్కటేనా? అబ్బాయి తిన్నాడా?" అంటూ పావుగంట దాకా ఫోను పెట్టనివ్వరు.