పొరుగు దేశానికి వేసవి యాత్ర

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. పల్లకీలు, బోయీలు, వంటవారు, బంట్రోతులు గల పెద్ద పరివారం ఆయన వెంట నడిచింది. మజిలీ మజిలీకి ఆయన తాను చూచినవి వ్రాసి పెట్టుకొన్నాడు. నేడు మనకు కాశీ ఒకటిన్నర రోజు ప్రయాణం. మరొక రోజు వెచ్చిస్తే దేశపు ఎల్లనే దాటవచ్చు. అయినా విదేశయాత్ర అనగానే మధ్యతరగతి గృహస్థు మనస్సు వెనుకంజ వేస్తుంది. పాస్‌పోర్టు, వీసా, విమానపు ఛార్జీ, డాలర్లు అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు నిలుస్తాయి.

ఇవేవీ తప్పనిసరి కాని పరదేశం ఒకటి మన ఉత్తరపు సరిహద్దులోనే ఉన్నది. 1950 జూలై 31న భారత, నేపాల్ దేశాల మధ్య కుదిరిన శాంతి, మైత్రి ఒడంబడిక రెండు దేశాల ప్రజల రాకపోకలకు దారి సుగమం చేసింది. నేపాల్ వెళ్ళడానికి భారతీయులకు వీసా అక్కరలేదు. భూటాన్‌కు కూడా వీసా అవసరం లేదు కదా అని కొందరనవచ్చు. అక్కడ భారతీయ పర్యాటకులు ప్రతి రాత్రికి తలకు 1,200 రూపాయల రుసుము చెల్లించే పద్ధతి 2022లో వచ్చింది. నలుగురు పెద్దవారు ఆరు రాత్రులు ఉంటే ఆ రుసుమే 28,800 రూపాయలవుతుంది. గది అద్దె, భోజనం దానికి అదనం. అందువల్ల చేతిలోని సొమ్ము లెక్క చూచుకొని బయలుదేరేవారికి నేపాల్ అనుకూలమైనది.

ఒక కుటుంబాన్ని ఊహిద్దాం. తల్లి, తండ్రి, డెబ్బై ఏళ్ళ నాయనమ్మ, జూనియర్ కళాశాలలో చదువుతున్న పదహారేళ్ళ అమ్మాయి. నాయనమ్మకు ముక్తినాథ దర్శనం కావాలి. అమ్మాయికి కొండమీది నుంచి పారాగ్లైడింగ్ చేయాలని ఉంది. తల్లి కోరేది పది రోజులు వంటింటి నుంచి విముక్తి. తండ్రికి కావలసినది అప్పు చేయకుండా తిరిగి రావడం. మరి రెండేళ్ళలో అమ్మాయి పైచదువుకు హాస్టలులో చేరుతుంది. నలుగురికీ కలిసి మళ్ళీ ఇన్ని రోజులు తీరిక దొరుకుతుందన్న భరోసా లేదు. సాధారణంగా ఇటువంటి యాత్రలను తండ్రి నిర్ణయిస్తాడు, తల్లి సర్దుతుంది, పిల్లలు సామానుతో పాటు ఎక్కి దిగుతారు. చిన్నపిల్లల విషయంలో అది సరిపోతుంది. పదహారేళ్ళ వయస్సులో సరిపోదు. ఆ వయస్సువారికి కిటికీ పక్కన చోటు ఇచ్చినంత మాత్రాన తృప్తి కలుగదు. కనుక ఈ కుటుంబంలో లెక్కల పుస్తకాన్ని అమ్మాయి చేతికి ఇచ్చారని అనుకొందాం.

ఆమెకు ఎదురయ్యే మొదటి చిక్కు గుర్తింపు పత్రాలది. విమానంలో నేపాల్ వెళ్ళే భారతీయుల వద్ద పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గాని ఉండాలి. ఆధార్ కార్డును పదిహేనేళ్ళ లోపువారికి, అరవైఐదు ఏళ్ళు దాటినవారికి మాత్రమే అంగీకరిస్తారు. నాయనమ్మకు ఇబ్బంది లేదు. తల్లిదండ్రులకు ఓటరు కార్డులున్నాయి. మధ్యలో చిక్కుకొన్నది మన విద్యార్థిని. ఆమెకు ఆధార్ చెల్లే వయస్సు దాటింది, ఓటు వచ్చే వయస్సు రాలేదు. పదిహేను నుంచి పద్దెనిమిది ఏళ్ళ మధ్యవారి కోసం ప్రిన్సిపాలు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుందని భారత ప్రభుత్వ నిబంధన. కుటుంబమంతా కలిసి వెళ్ళేటప్పుడు పెద్దవారిలో ఒకరికి సరైన పత్రం ఉంటే, బంధుత్వాన్ని తెలిపే ఫోటో గుర్తింపుతో మిగిలినవారిని అనుమతించే వెసులుబాటు కూడా ఉన్నది. రోడ్డు మార్గంలో తనిఖీ అంత కఠినంగా ఉండదు గాని, వెంట పత్రాలు ఉంచుకోవడమే క్షేమం. ప్రిన్సిపాలు సంతకం సెలవులకు ముందే తీసుకోవాలి. మే నెలలో కళాశాల కార్యాలయానికి తాళం వేసి ఉంటే ఎవరిని అడుగుతాం?

రెండవది కాలం. రైలు టిక్కెట్టును ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే కొనగలిగే నియమం 2024 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. మే 10న రైలెక్కదలచినవారు మార్చి 11 ఉదయాన సిద్ధంగా ఉండాలి. అవి పరీక్షల రోజులు. ఆ ఒక్క పని తండ్రికి అప్పగించడం మేలు. జూన్‌కు వాయిదా వేద్దామా అంటే, ఆ నెల నడుమ నేపాల్‌లో వానాకాలం మొదలవుతుంది, కొండచరియలు విరిగి పడతాయి. 2024 జూలై 12న నారాయణ్‌ఘాట్-ముగ్లింగ్ రహదారి మీద విరిగిపడిన కొండచరియ రెండు బస్సులను ప్రయాణికులతో సహా త్రిశూలి నదిలోకి నెట్టివేసింది. కాబట్టి మే చివరిలోగా కొండదారుల నుంచి దిగి రావాలి, రాత్రి బస్సులు ఎక్కరాదు. ఈ రెండు విషయాలలో పొదుపు ఆలోచన పనికిరాదు. మే నెలకూ ఒక లోపం ఉన్నది. ఆకాశంలో పొగమంచు వంటి మసక కమ్మి, హిమశిఖరాలు తెల్లవారుజామున తప్ప సరిగా కనబడవు. శిఖరాలే ముఖ్యమనుకొంటే దసరా తరువాతి రోజులు మంచివి. అప్పుడు మనకు సెలవులుండవు.

విజయవాడ, వరంగల్లుల మీదుగా గోరఖ్‌పూర్ వెళ్ళే రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ మనవారికి అందుబాటులో ఉన్న మార్గం. గోరఖ్‌పూర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో బుద్ధుడు మహాపరినిర్వాణం చెందిన కుశీనగరం ఉన్నది. ఉత్తరంగా సుమారు 100 కిలోమీటర్లు వెళితే సునౌలీ సరిహద్దు. అది దాటి మరొక పాతిక, ముప్ఫై కిలోమీటర్లు వెళితే ఆయన జన్మించిన లుంబిని. అక్కడి మే నెల ఎండ మన రెంటచింతల ఎండను మరపించదు. ఉదయం తొమ్మిదిలోగా చూచి గదికి చేరుకోవాలి. మాయాదేవి సాలవృక్షపు కొమ్మను పట్టుకొని నిలిచిన దృశ్యాన్ని మన అమరావతి శిల్పులు చలువరాతిమీద చెక్కారు. ఆ రాతిబొమ్మను ముందుగా చూచి లుంబినికి వెళ్ళిన తెలుగు విద్యార్థికి అది పరాయి నేల అనిపించదు. 1896లో వెలుగుచూచిన అశోకుని స్తంభం అక్కడే ఉన్నది. పట్టాభిషేకం జరిగిన ఇరవయ్యవ సంవత్సరంలో తాను స్వయంగా వచ్చి పూజించి, ఆ గ్రామపు శిస్తును ఎనిమిదవ వంతుకు తగ్గించినట్లు ఆ రాజు దానిపై చెక్కించాడు. యాత్రికుని రాకవల్ల ఊరికి భారం తగ్గడం చరిత్రలో తరచుగా వినే మాట కాదు.

అక్కడి నుంచి పోఖరాకు పగలంతా కొండదారి. పోఖరాలో దుకాణాల బోర్డులను చదివే పని అమ్మాయిదే. నేపాలీ లిపి దేవనాగరి. పాఠశాలలో నేర్చిన హిందీ ఇక్కడ అక్కరకు వస్తుంది. ఎదుట నిలిచిన 6,993 మీటర్ల శిఖరం పేరు మాఛాపుచ్ఛ్రే. మత్స్యపుచ్ఛం అన్న సంస్కృతపదం తెలిసినవారికి అర్థం అడగవలసిన పని లేదు. చేపతోక వలె చీలిన ఆ శిఖరాన్ని ఎక్కడానికి అనుమతి ఇవ్వరు.

చిక్కు వచ్చేది ఇక్కడే. వైష్ణవులు నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటిగా భావించే ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైన ఉన్నది. పోఖరా ఎత్తు వేయి మీటర్లయినా లేదు. జీపులో వెళ్ళిరావడానికి కనీసం రెండు రోజులు కావాలి. నలుగురూ వెళితే కాఠ్‌మాండూకు ఉంచిన సొమ్ములో పెద్దభాగం కరిగిపోతుంది. లెక్కలపుస్తకం చేతిలో ఉన్న పిల్లకు ఈ సంగతి అందరికంటె ముందు తెలుస్తుంది. నాయనమ్మకు చెప్పడం కష్టం. తన పారాగ్లైడింగ్ మాటను దాచి, నాయనమ్మ కోరికను మాత్రమే ఖర్చుగా చూపడం అన్యాయం. రెంటినీ ఒకే పుటలో పక్కపక్కన వ్రాసి నలుగురి ముందు పెట్టాలి. కుటుంబమంతా ప్రతి క్షణం కలిసే ఉండాలన్న నియమం యాత్రలో ఏదీ లేదు. బయలుదేరక ముందే వైద్యుని సలహా తీసుకొని, ఆయన సరేనంటే, నాయనమ్మ, తండ్రి ముక్తినాథ్ వెళతారు. ఆ రెండు రోజులు తల్లీకూతుళ్ళు పోఖరాలో ఉండి ధంపుస్ గ్రామం వైపు కాలినడకన కొండ ఎక్కవచ్చు, ఫేవా సరస్సులో పడవ ఎక్కవచ్చు. ఆదా అయిన సొమ్ములో పారాగ్లైడింగ్ ఇమిడితే మంచిదే. ఇమడకపోతే ఆ సంగతిని తన చేతితో తానే వ్రాసుకొంటుంది. తండ్రి కాదన్నాడన్న మాటకు చోటు ఉండదు.

డబ్బు విషయంలో ఒక మెళకువ అవసరం. 1993 నుంచి భారత రూపాయి ఒకటికి నేపాలీ రూపాయలు 1.60 అన్న మారకం స్థిరంగా ఉన్నది. రెండింటి పేరూ రూపాయే కావడం వల్ల పొరపాటుకు వీలెక్కువ. వ్యాపారులు భారత రూపాయిని ఐ.సి. అని, నేపాలీ రూపాయిని ఎన్.సి. అని అంటారు. గది అద్దె 2,400 అని చెప్పినప్పుడు ఏ రూపాయో అడగాలి. ఎన్.సి. అయితే అది మనకు 1,500 మాత్రమే. అడగక 2,400 భారత రూపాయలు ఇస్తే రాత్రికి 900, ఆరు రాత్రులకు 5,400 చేజారుతుంది. వంద రూపాయల నోట్లు దగ్గర ఉంచుకోవాలి. పెద్దనోట్ల విషయంలో అక్కడి నిబంధనలు పలుమార్లు మారాయి. కొన్ని దుకాణాలలో భారతీయ యూపీఐ ద్వారా చెల్లించే వీలు 2024లో ఏర్పడింది. భోజనానికి బెంగ లేదు. దాల్‌భాత్ అడిగితే అన్నం, పప్పు, కూర మారు వడ్డిస్తారు. ఆవకాయ మాత్రం ఇంటి నుంచి తీసుకువెళ్ళాలి.

కాఠ్‌మాండూ, పాటన్, భక్తపూర్‌లలోని రాజప్రాంగణాలలో సార్క్ దేశాలవారికి ఇతర విదేశీయులకంటె ప్రవేశ రుసుము తక్కువ. 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపంలో కూలిన ఆలయాలను ఎలా తిరిగి నిలబెట్టారో అక్కడ చూడవచ్చు. పశుపతినాథ దర్శనానికి ఒక ఉదయం చాలు. బస్సు టిక్కెట్టు కొనేటప్పుడు తేదీ జాగ్రత్తగా చూడాలి. అక్కడ విక్రమశకం వాడుకలో ఉన్నది. 2026 మే నెలలో కొన్న టిక్కెట్టు మీద 2083 అని ఉండవచ్చు. గడియారాన్ని కూడా మన కాలమానం కంటె పదిహేను నిమిషాలు ముందుకు జరుపుకోవాలి.

మొత్తం సొమ్ములో పదవ వంతును ముట్టుకోకుండా వేరుగా ఉంచాలి. 2025 సెప్టెంబరులో కాఠ్‌మాండూలో యువజన ఆందోళనలు చెలరేగి విమానాశ్రయం మూతపడినప్పుడు తెలుగు యాత్రికులు పెద్ద సంఖ్యలో చిక్కుకొన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానంలో వారిని వెనుకకు రప్పించింది. అటువంటి రోజులలో మరి రెండు రాత్రుల అద్దె చేతిలో ఉండడం పెద్ద ధైర్యం.

తిరుగుప్రయాణానికి వీర్‌గంజ్ దాటి రక్సౌల్ చేరే దారి ఉన్నది. అక్కడి నుంచి హైదరాబాదు వైపు వచ్చే రైలు ప్రతిదినం నడవదు. కనుక కాఠ్‌మాండూలో ఎన్ని రాత్రులు ఉండాలన్నది ఆ రైలును బట్టి ముందే నిర్ణయించుకోవాలి. మిగిలిన నేపాలీ నోట్లను వీర్‌గంజ్‌లోనే మార్చుకోవాలి. సరిహద్దు పట్టణాలు దాటిన తరువాత వాటిని తీసుకొనేవారుండరు.